గోల్డ్‌వింగా, స్ట్రీట్ గ్లైడా: బెంగళూరు నుంచి చెన్నై, అరుణాచలం మీదుగా ఇంటికి

గురువారం సాయంత్రం, టిన్ ఫ్యాక్టరీ

బెంగళూరులో ఉండి దూరప్రయాణాల కోసం చేసిన పెద్ద టూరింగ్ మోటార్‌సైకిల్ కొనాలనుకునేవాళ్ళు, అది హైవే మీద ఎలా పోతుందని అడిగి లాభం లేదు. అమెరికాదైనా జపాన్‌దైనా ఆ తరగతి బండి హైవే మీద బాగానే పోతుంది, తయారుచేసిందే దానికోసం. పైగా మన దగ్గర డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద టూవీలర్‌కి పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. ఆ వేగానికి 1800 సీసీ ఇంజన్‌కి చెమట కూడా పట్టదు. తేడా తెలిసేది ఊరు దాటే గంటలో. సిగ్నల్ దగ్గర, యూటర్న్‌లో, హోటల్ ముందు కంకర పోసిన పార్కింగ్‌లో, నడక వేగం దాటని చోట. ఆ తర్వాత తెలిసేది వెనక సీటు మీద. నడిపేవాడికి బండి మీద మోజు ఉంటుంది కాబట్టి దేనికైనా సర్దుకుపోతాడు. వెనక కూర్చున్న మనిషికి ఆ అవసరం లేదు.

మా ఆవిడకీ నాకూ చాలాకాలంగా ఉన్న కోరిక ఇది. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, ఇద్దరం బండి మీద దేశం చూడాలి. నాకు చిన్నప్పటి నుంచి అమెరికా హార్లే-డేవిడ్‌సన్ బళ్ళంటే పిచ్చి. మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య దగ్గర హోండా గోల్డ్‌వింగ్ టూర్ ఉంది. 2018లో మారిన కొత్త తరం బండి, గేర్లు తనంతట తనే మార్చుకునే డీసీటీ రకం. మా ఆఫీసులో నెల్లూరు ఆయన ఒకరున్నారు, అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయనది 2018 హార్లే స్ట్రీట్ గ్లైడ్. ఆయనే అన్నాడు, "చదివింది చాల్లే అబ్బయ్యా. రెండూ మార్చి మార్చి నడుపు, చెల్లెమ్మని వెనకాల కూర్చోబెట్టుకో. నీకే తెలుస్తుంది" అని. దారి కూడా ఆయనే వేశాడు. పాత మద్రాసు రోడ్డు పట్టుకుని చిత్తూరు, చెన్నై, మహాబలిపురం, అక్కడి నుంచి తిరువణ్ణామలై, కృష్ణగిరి, ఇల్లు. ఒక బండి మీద మేమిద్దరం, ఇంకోదాని మీద బావా అన్నా.

ప్రయాణం శుక్రవారం తెల్లవారుజామునే అయినా, గురువారం సాయంత్రం ఆఫీసులు వదిలే టైముకి కావాలనే రెండు బళ్ళూ బయటికి తీశాం. కుందలహళ్ళి నుంచి మారతహళ్ళి, అక్కడి నుంచి రింగ్ రోడ్డు మీద టిన్ ఫ్యాక్టరీ కూడలి. కె.ఆర్.పురం వేలాడే వంతెన కింద ఆ టైములో ట్రాఫిక్ ఎలా ఉంటుందో బెంగళూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ముందు స్ట్రీట్ గ్లైడ్ తీసుకున్నాను. 1745 సీసీ మిల్వాకీ-ఎయిట్ ఇంజన్. రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో ఉంటాయి, పిస్టన్లని క్రాంక్‌కి, అంటే ఇంజన్ తిప్పే ఇరుసుకి కలిపే రెండు కనెక్టింగ్ రాడ్లూ ఒకే పిన్‌కి తగిలి ఉంటాయి. అందుకే పేలుళ్ళు సమానమైన దూరంలో రావు. ఒకటి పేలాక ఆ ఇరుసు 315 డిగ్రీలు తిరిగితే రెండోది, మళ్ళీ 405 డిగ్రీలకు మొదటిది. హార్లే ఆగి ఉన్నప్పుడు వచ్చే ఆ కుంటి దరువు పుట్టేది అక్కడే. వణుకు తగ్గించడానికి ఇంజన్ లోపల ఒక బ్యాలెన్సర్ పెట్టారు కానీ, ఆగి ఉన్నప్పటి వణుకులో ముప్పాతిక వంతే తీసి మిగతాది కావాలనే వదిలేశారు. సిగ్నల్ దగ్గర అద్దంలో వెనక ఆటో బొమ్మ వణుకుతూ కనబడుతుంది. థ్రాటిల్ కొంచెం తిప్పగానే కుదురుకుంటుంది. నాకు అది ప్రాణం. చేతుల్లోంచి భుజాల దాకా వచ్చే ఆ కొట్టుకోవడం కోసమే హార్లే కొనేవాళ్ళని నేను పూర్తిగా అర్థం చేసుకోగలను.

అయితే ఇలా ముందూ వెనకా రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండి గాలితో చల్లబడే పెద్ద వి-ట్విన్‌లో వెనక సిలిండర్ సరిగ్గా కుడి తొడ కింద ఉంటుంది. ముందు సిలిండర్‌ని దాటి వచ్చిన గాలే దానికి దిక్కు. ఆగిపోతే ఆ గాలీ లేదు. ఈ సంగతి తయారుచేసినవాళ్ళకి బాగా తెలుసు, అందుకే ఇంజన్ బాగా వేడెక్కి బండి ఆగి ఉన్నప్పుడు వెనక సిలిండర్ పేలడం మానేసే ఏర్పాటు పెట్టారు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర అది నా చెవితో విన్నాను. రెండు దెబ్బల దరువు కాస్తా ఒంటి దెబ్బ అయిపోయింది, టక్... టక్... అని. క్లచ్ వదిలి కదలగానే రెండోది వచ్చి కలిసింది. మంచి ఏర్పాటే. అయినా బెంగళూరు సాయంత్రం ట్రాఫిక్‌లో కుడికాలికి సెగ తగులుతూనే ఉంటుంది, ఎడమచేతికి క్లచ్ పని తప్పదు.

అదే దారిలో వెనక్కి గోల్డ్‌వింగ్. 1833 సీసీ, ఆరు సిలిండర్లు. అటు మూడు, ఇటు మూడు నేలకి సమానంగా పడుకుని ఉంటాయి. ఎదురెదురు పిస్టన్లు ఒకదాని కదలికని ఒకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి వణుకు అనేది పుట్టదు. నీళ్ళతో చల్లబడే ఇంజన్ కనుక రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది, ఆ వేడి కాళ్ళ పక్క నుంచి బయటికి పోతుంది. క్లచ్ లివరే లేదు. 380 కిలోలు దాటిన బండి, కానీ ఆ బరువంతా మోకాళ్ళ కింద ఉంది. నడక వేగంలో రెండు కాళ్ళూ పైనే పెట్టి వెనక బ్రేకు మీద వేలంత ఒత్తిడితో పోనిచ్చాను. స్ట్రీట్ గ్లైడ్ కూడా 360 కిలోల పైమాటే. కాగితం మీద చూస్తే గోల్డ్‌వింగే బరువు. టిన్ ఫ్యాక్టరీలో చూస్తే కాదు.

ఇంటికొచ్చాక మా ఆవిడని అడిగాను. "హోండా మీద కూర్చుంటే ఎక్కడికో వెళ్తున్నట్టే లేదండీ, ఇంట్లో కూర్చున్నట్టుంది" అంది.

"అది మంచిదా, చెడ్డదా?" అన్నాడు బావ.

"ఇంకా తెలీదన్నయ్యా."

శుక్రవారం, మొగిలి ఘాట్ మీదుగా చెన్నై

తెల్లవారేసరికి హోసకోటె దాటేశాం. అక్కడ మొదలయ్యే కొత్త ఎక్స్‌ప్రెస్‌వే కార్లకి, లారీలకే. టూవీలర్లు పాత దారినే పోవాలి. నాకు దాని మీద బాధ లేదు, పాత దారే అందమైనది, పైగా జాతీయ రహదారి మీద టూవీలర్‌కి టోల్ కూడా లేదు. కోలారు ఇంకా రాకముందే నరసాపుర వస్తుంది. హోండా స్కూటర్ల ఫ్యాక్టరీ అక్కడే, 2013లో మొదలైంది. గోల్డ్‌వింగ్ మీద ఆ బోర్డు పక్కనుంచి వెళ్తుంటే, నా కింద ఉన్న బండి వచ్చింది జపాన్‌లోని కుమామొతో నుంచి కదా అనిపించింది. ఒకే కంపెనీ, రెండు లోకాలు.

ముళబాగల్‌లో దోసె కోసం ఆగాం. నెయ్యి కారుతూ, ఒకవైపు ఎర్రగా కాలి రెండోవైపు మెత్తగా ఉండే దోసె, లోపల ఎర్ర చట్నీ. ఆ హోటల్ ముందు జాగా రోడ్డుకి పల్లంలో ఉంది, పైన వదులు కంకర. రెండు బళ్ళనీ ముక్కు గోడవైపు పెట్టి నిలిపాం.

తిరిగి తీయాల్సి వచ్చినప్పుడు చూడాలి. స్ట్రీట్ గ్లైడ్ మీద అన్న కూర్చుని వెనక్కి నెట్టుకోబోయాడు. సీటు ఎత్తు 700 మిల్లీమీటర్ల లోపే, రెండు పాదాలూ పూర్తిగా ఆనతాయి. అయినా ఎత్తులోకి 360 కిలోలు, కాళ్ళ కింద జారే కంకర. బావా నేనూ చెరోవైపు పట్టుకున్నాం. హోటల్ కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చి ముందు నుంచి చెయ్యి వేశాడు. నలుగురం కలిసి రోడ్డు మీదికి తెచ్చాం. బావ గోల్డ్‌వింగ్ ఎక్కి, నడక వేగంలో బండిని కదిలించే వాకింగ్ మోడ్ బటన్ నొక్కి, రివర్స్ పెట్టాడు. బండి తనంతట తనే మెల్లగా వెనక్కి వచ్చి రోడ్డు మీద నిలబడింది. ఈ రివర్స్ కొత్త సంగతేమీ కాదు, 1988లో ఆరు సిలిండర్ల గోల్డ్‌వింగ్ జీఎల్1500 వచ్చినప్పుడే ఉంది. అప్పట్లో స్టార్టర్ మోటారుతో వెనక చక్రాన్ని తిప్పేవాళ్ళు.

"మీరిద్దరే వెళ్తారు. ఆ కుర్రాడు ప్రతి ఊళ్ళో ఉండడు" అన్నాడు అన్న. తన బండి గురించి ఆయనే ఆ మాట అనడం నాకు గౌరవంగా అనిపించింది. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. "ఎక్కడ నిలిపితే ముందుకే పోవచ్చో చూసి నిలపడం హార్లే నడిపేవాడికి అలవాటైపోద్ది. నేను ముక్కు గోడవైపు పెట్టింది నీకు చూపించడానికే."

నంగిలి దాటి ఆంధ్రలోకి రాగానే గాలి మారుతుంది. పలమనేరు చల్లటి ఊరు, పక్కనే కౌండిన్య అడవి. అక్కడి నుంచి మొగిలి ఘాట్ దిగడం మొదలైంది. ఎన్నో ప్రమాదాలు చూసిన దిగుడు అది. లారీలు బ్రేకుల మీద దిగుతుంటాయి, కాలిన వాసన వస్తుంటుంది. నేను అప్పుడు హార్లే మీద ఉన్నాను, మూడో గేర్లో. థ్రాటిల్ వదిలేస్తే చాలు, ఇంజనే బండిని పట్టుకుంటోంది. వంపు వంపుకీ ఆ దరువు పెరుగుతూ తగ్గుతూ ఉంటే కాసేపు మిగతా లెక్కలన్నీ మర్చిపోయాను. ఈ ఒక్క పనిలో నాకు హార్లేనే ఎక్కువ నచ్చింది, ఇప్పటికీ అదే చెప్తాను. ఇంజన్ ఏం చేస్తోందో ప్రతి క్షణం చేతికి తెలుస్తుంది. గోల్డ్‌వింగ్ కూడా అంతే భద్రంగా దిగింది కానీ, ఎంత వేగంలో ఉన్నానో మీటరు చూస్తే తప్ప తెలియలేదన్నాడు బావ. ఘాట్‌లో అది కొంచెం జాగ్రత్త పడాల్సిన విషయం.

బంగారుపాళెం దాటాక ఒక చిన్న బంకులో ఆగాం. ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని తేడా ఒకటుంది. మిల్వాకీ-ఎయిట్‌కి ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు కావాలి, మన లెక్కలో 95. గోల్డ్‌వింగ్ మామూలు పెట్రోలుతో నడిచేలా చేసిన ఇంజన్. బెంగళూరులో ఎక్స్‌పీ95 అనే ఆ రకం పెట్రోలు ఎక్కడైనా దొరుకుతుంది. చిన్న ఊరి బంకులో చాలాసార్లు దొరకదు. అందుకే అన్న ఎప్పుడూ పెద్ద ఊళ్ళోనే నింపుకుని బయల్దేరతాడు. 22.7 లీటర్ల ట్యాంకు ఉంది కాబట్టి ఇబ్బంది పడడు, కానీ ప్రయాణం పెట్రోలు బంకుల చుట్టూ అల్లుకోవాలి. గోల్డ్‌వింగ్ ట్యాంకు 21 లీటర్లు, లీటరుకి 18 కిలోమీటర్ల దాకా ఇస్తుంది, ఏ బంకైనా పర్వాలేదు. లడఖ్ అనో అరుణాచల్ ప్రదేశ్ అనో అనుకునేవాళ్ళు దీని గురించి గట్టిగా ఆలోచించాలి.

చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం మీదుగా చెన్నై దాకా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎండ, లారీలు, సర్వీస్ రోడ్డులోకి మళ్ళించే బోర్డులు. ఎనభై వేగానికి హార్లేని ఆరో గేర్లో పెడితే ఇంజన్ బరువుగా ఈడుస్తున్నట్టుంటుంది, ఐదులో హాయిగా ఉంటుంది. పూందమల్లి చేరేసరికి మళ్ళీ నడక వేగం. రాత్రి టీ నగర్ ఆంధ్రా క్లబ్‌లో పప్పు, గోంగూర, నెయ్యితో అన్నం. మా ఆవిడ నడుము పట్టేసిందని చెప్పిన మాట వాస్తవం. ఆఖరి వంద కిలోమీటర్లూ స్ట్రీట్ గ్లైడ్ వెనక సీటు మీదే కూర్చుంది.

ఈ విషయంలో హార్లేకి న్యాయం చేయాలి. స్ట్రీట్ గ్లైడ్ ఇద్దరి కోసం చేసిన బండి కాదు. రెండు పక్కలా డిక్కీలు, ముందు గాలిని అడ్డుకునే తొడుగు (ఫెయిరింగ్), ఒంటరిగా వెళ్ళేవాడికి సరిపడే బండి. వెనక సీటు సన్నం, ఆనుకోవడానికి ఏమీ రాదు. అన్న తర్వాత చిన్న బ్యాక్‌రెస్ట్ పెట్టించాడు. గోల్డ్‌వింగ్ టూర్‌తో పోల్చాల్సింది హార్లే లిమిటెడ్ బళ్ళని. వాటికి వెనక పెద్ద టూర్ ప్యాక్ పెట్టె, వీపుకీ చేతులకీ ఆనుడు ఉంటాయి. ఆ సీటు మీదే కూర్చుని ఉంటే మా ఆవిడ మాట ఇంకోలా ఉండేదేమో. సెగ, బరువు మాత్రం అలాగే ఉంటాయి.

శనివారం, సముద్రపు గాలి

మధ్యాహ్నం దాకా చెన్నైలో చుట్టాలిళ్ళు. సాయంత్రం ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) పట్టుకుని ముట్టుకాడు, కోవళం మీదుగా మహాబలిపురం. దూరం తక్కువే, కానీ ఫెయిరింగ్ అంటే ఏమిటో ఈ రోడ్డు నేర్పింది.

స్ట్రీట్ గ్లైడ్ ముందుభాగాన్ని బ్యాట్‌వింగ్ అంటారు. 1969 నుంచి హార్లే గుర్తు అది. ఎంత అందంగా ఉంటుందో! అది హ్యాండిల్‌తో పాటు తిరిగేలా, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి బిగించి ఉంటుంది. ముట్టుకాడు వంతెన మీద సముద్రం వైపు నుంచి గాలి కొట్టినప్పుడు ఆ తోపు నేరుగా నా చేతుల్లోకి వచ్చింది. భయపడేంత కాదు, పట్టు వదలకూడదని చెప్పేంత. హార్లేలోనే రోడ్ గ్లైడ్ అని ఇంకోటుంది, దాని ఫెయిరింగ్ ఫ్రేముకి బిగించి ఉంటుంది కాబట్టి గాలి హ్యాండిల్‌ని తాకదు. తీరం వెంబడి, మైదానాల్లో ఎక్కువ తిరిగేవాళ్ళు స్ట్రీట్ గ్లైడ్ కంటే రోడ్ గ్లైడ్ వైపు మొగ్గడం మంచిదని నా అభిప్రాయం.

తిరిగొచ్చి ముట్టుకాడు వంతెనని గోల్డ్‌వింగ్ మీద మళ్ళీ దాటాను. ముందున్న గాలి అద్దాన్ని బటన్‌తో పైకి లేపితే గాలి మోత తగ్గిపోయి, వెనక మా ఆవిడ మాట మామూలు గొంతుతోనే వినపడింది. ముందు చక్రానికి మామూలు ఫోర్క్ కాదు, కార్లలో లాగా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. గుంతలో చక్రం పైకి లేవడం కంటికి కనపడుతుంది, చేతికి తెలియదు. నేలకీ బండికీ మధ్య ఎత్తు 130 మిల్లీమీటర్లే కాబట్టి ఊళ్ళల్లో వేసిన స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం పక్కవాటుగా, మెల్లగా పోవాలి. ఆ జాగ్రత్త హార్లేకీ తప్పదు.

మహాబలిపురంలో తీరం దగ్గర వేయించిన చేపలు తింటూ అన్నకీ బావకీ వాదన మొదలైంది. అమెరికా బండి, జపాన్ బండి అని. నేను చదివిందంతా అప్పుడు బయటికి వచ్చింది, ఎందుకంటే ఆ గీత అంత నిటారుగా ఉండదు.

గోల్డ్‌వింగ్ పుట్టిందే అమెరికా రోడ్ల కోసం. 1972లో హోండాలో ఇరిమజిరి అనే ఇంజనీరు బృందం ఎం1 అనే నమూనా చేసింది, 1470 సీసీ, ఆరు సిలిండర్లు. చివరికి 1974లో జర్మనీలోని కొలోన్ బళ్ళ ప్రదర్శనలో చూపించింది నాలుగు సిలిండర్ల జీఎల్1000, అదే మొదటి గోల్డ్‌వింగ్. దానికి ఫెయిరింగ్ లేదు, పెట్టెలు లేవు. వాటిని అమెరికా రైడర్లే తగిలించుకున్నారు. క్రెయిగ్ వెటర్ అనే ఆయన తయారుచేసిన విండ్‌జామర్ ఫెయిరింగ్ అప్పట్లో ఆ బండి మీద మామూలు దృశ్యం. అది చూసి 1980లో హోండా తనే ఫెయిరింగ్, పెట్టెలతో ఇంటర్‌స్టేట్ అనే రకాన్ని తెచ్చింది. అదే ఏడాది తయారీని ఒహాయోలోని మేరీస్‌విల్‌కి మార్చింది. 2009 దాకా ప్రపంచానికి గోల్డ్‌వింగ్‌లు అక్కడి నుంచే వచ్చాయి.

హార్లే వైపు చూస్తే, 1969లో ఏఎంఎఫ్ అనే కంపెనీ చేతికి పోయి నాణ్యత పడిపోయింది. 1981లో పదమూడు మంది అధికారులు కలిసి తిరిగి కొనుక్కున్నారు. 1983లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బళ్ళ మీద సుంకాన్ని 4.4 నుంచి 49.4 శాతానికి పెంచింది. జపాన్ వాళ్ళు ఇంజన్లు 700 సీసీ లోపుకి కుదించి అమ్మారు. ఒహాయోలో తయారవుతున్న గోల్డ్‌వింగ్ దిగుమతి బండే కాదు కాబట్టి దాన్ని ఆ సుంకం ముట్టలేదు. 1984లో ఎవల్యూషన్ ఇంజన్‌తో హార్లే కోలుకుంది, ఇక సుంకం అక్కర్లేదని గడువుకి ముందే 1987లో తనే అడిగింది. ఆ కోలుకున్న బళ్ళ సస్పెన్షన్ చాలావాటికి జపాన్ షోవా కంపెనీది.

"అయితే నీ బండి అమెరికాలో పెరిగింది, నా బండి కాళ్ళు జపాన్‌వి" అన్నాడు అన్న బావతో. ఆ తర్వాత దేశాల వాదన మళ్ళీ రాలేదు.

ఆదివారం, జింజి, అరుణాచలం, ఇల్లు

చెంగల్పట్టు, తిండివనం మీదుగా జింజి. రాజా దేసింగు కథ విని పెరిగినవాళ్ళకి ఆ కొండల మీది కోట చూడగానే ఒళ్ళు పులకరిస్తుంది. 2025లో మరాఠా సైనిక దుర్గాలతో కలిపి యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండెక్కక ముందే ఫొటోలు తీసుకుని కదిలాం.

తిరువణ్ణామలైలో అసలు పరీక్ష జరిగింది. ఆదివారం, ఆంధ్ర, తెలంగాణ బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళు రోడ్డంతా మనవాళ్ళే. ఆలయం దగ్గరి వీధుల్లో బండి మనిషి నడకకన్నా మెల్లగా పోవాలి, పక్కన ముసలివాళ్ళు, చిన్నపిల్లలు. నేను గోల్డ్‌వింగ్ మీద ఉన్నాను. ఇంజన్ మోత దాదాపు లేదు కాబట్టి ఎవరూ ఉలిక్కిపడలేదు, కానీ వెనక బండి ఉందని తెలియక తప్పుకోనూ లేదు. అన్న హార్లే చప్పుడికి జనం ముందే దారిచ్చారు, ఒకరిద్దరు విసుక్కున్నారు. గుడి దగ్గర చప్పుడు చేయని బండే నాకు మర్యాదగా అనిపించింది.

ఆగిన చోటల్లా కుర్రాళ్ళు మూగారు. "అన్నా, ఎంత పడింది? మైలేజ్ ఎంత?" అని తెలుగులోనే. గోల్డ్‌వింగ్ పక్కన ఫొటోలు దిగినవాళ్ళు ఎక్కువ, హార్లే ట్యాంకు మీద చెయ్యి వేసి చూసినవాళ్ళు ఎక్కువ. రెండూ నేను గమనించాను.

చెంగం దాటాక ఒక టీ కొట్టు దగ్గర డబ్బు లెక్క వేశాం. కొత్తవైతే రెండూ షోరూమ్ ధరే 40 లక్షల దరిదాపు, రోడ్ టాక్స్, ఇన్సూరెన్స్ దాని మీద. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో 1600 సీసీ, ఆపైన బళ్ళ మీద దిగుమతి సుంకం 50 నుంచి 30 శాతానికి తగ్గింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ళ మీద జీఎస్టీ సెస్సుతో కలిపి ఉన్న 31 నుంచి 40 శాతం అయ్యింది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోయింది. మా జీతాలకి సెకండ్ హ్యాండే గతి. ఈ బళ్ళు మన దగ్గర ఎక్కువగా తిరగవు, ఆదివారం పొద్దున నంది కొండ దాకా వెళ్ళి వచ్చేవే ఎక్కువ, కాబట్టి మంచివి దొరుకుతాయి.

నిర్వహణ విషయంలో హార్లేకి ఒక మేలుంది. తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు కాబట్టి వాల్వ్ సందులు సరిచేసే పనే ఉండదు, ఇంజన్ బయటికే ఉంటుంది, చెయ్యి పెట్టడం తేలిక. గోల్డ్‌వింగ్‌లో చిన్న పనికైనా ముందు ప్లాస్టిక్ విప్పాలి. కానీ వెనక చక్రాన్ని తిప్పే దాని షాఫ్ట్‌కి గేరు నూనె మార్చుకోవడం తప్ప వేరే సేవ లేదు. హార్లే బెల్ట్ కూడా శుభ్రమైనదే, కంకర రోడ్డులో రాయి ఇరుక్కుంటే మాత్రం దెబ్బతింటుంది. 2020లో హార్లే ఇక్కడ సొంతంగా అమ్మడం ఆపి హీరోతో చేతులు కలిపినప్పుడు పాత యజమానులు పడ్డ టెన్షన్ అన్నకి ఇంకా గుర్తుంది. ఆ భయం ఇప్పుడు లేదన్నాడు, సర్వీస్ దొరుకుతోంది.

ఒంటరిగా తిరిగేవాడినైతే నేను హార్లే కొనేవాడిని, అందులోనూ రోడ్ గ్లైడ్. ఇది మనసులోంచి వచ్చిన మాట. మొగిలి ఘాట్‌లో ఆ ఇంజన్ నాతో మాట్లాడినట్టు గోల్డ్‌వింగ్ ఎక్కడా మాట్లాడలేదు. కానీ మేమిద్దరం వెళ్తాం. వెళ్ళినప్పుడల్లా ముందు టిన్ ఫ్యాక్టరీయో సిల్క్ బోర్డు జంక్షనో దాటాలి, చివర్న అలసిపోయి అవే మళ్ళీ దాటాలి. ఆ రెండు గంటల్లో ఏ బండి మీద మనుషులు తక్కువ నలుగుతారో అది మా బండి. ఊత్తంగరై, కృష్ణగిరి దాటి హోసూరు వచ్చేసరికి చీకటి పడింది. అత్తిబెలె నుంచి సిల్క్ బోర్డు దాకా వారాంతం ముగించుకుని వస్తున్న కార్ల వరస. మా ఆవిడ వెనక సీట్లో ఆనుకుని కునుకు తీస్తోందని ఇంటర్‌కమ్‌లో శ్వాస వినపడి తెలిసింది. లేపి కబుర్లు చెప్పిస్తూ తీసుకొచ్చాను.

ఇంటి దగ్గర ఆవిడే తేల్చేసింది. "గోల్డ్‌వింగే తీసుకుందామండీ. డీసీటీదే చూడండి, నేనూ నేర్చుకుంటా." సెల్లారులో బావ బండి సెంటర్ స్టాండ్ దించి పట్టుకుంటే ఎక్కి కూర్చుని చూసింది. సీటు 745 మిల్లీమీటర్లు, మడమలు కొంచెం లేచినా పాదాలు ఆనుతున్నాయి.

వచ్చే శనివారం జేపీ నగర్‌లో ఒక బండి చూడ్డానికి వెళ్తున్నాం. సర్వీసు పుస్తకం, టైర్ల తయారీ తేదీ, రివర్స్ పనిచేస్తోందా లేదా, చల్లటి ఇంజన్‌తో మొదటి స్టార్ట్, వీటిని బావ చూస్తానన్నాడు. అన్న కూడా వస్తున్నాడు. ఆయన ఒకటే అడిగాడు. హెబ్బాళలో తెలిసినవాళ్ళ దగ్గర హార్లే లిమిటెడ్ ఒకటుందట, డబ్బు కట్టే ముందు చెల్లెమ్మని దాని వెనక సీటు మీద ఒక్కసారి కూర్చోబెట్టమన్నాడు. అది సబబైన మాటే. పొద్దున అక్కడికి వెళ్ళి, ఆ తర్వాతే జేపీ నగర్ వెళ్తాం.